దేవుడి బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి పక్కన మూతపెట్టిన చిన్న కుండ ఒకటి ఉండేది. అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసే ముందు, అమ్మ పిడికెడు బియ్యం తీసి అందులో వేసేది. నందిగామ దగ్గర మా పేటలో క్రైస్తవుల ఇళ్లన్నిటిలోనూ అదే అలవాటు. ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకెళ్లి దేవుడి పేరున ఇచ్చేవాళ్లు. అవి పాస్టరుగారింటికి చేరేవి. ఆయన్ని మేమంతా అయ్యగారనేవాళ్లం.

ఒక ఏడు మిరపకోతల రోజుల్లో తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. వాణ్ణి వదిలి అమ్మ పనికి పోలేకపోయింది. నాన్న జగ్గయ్యపేట వైపు క్వారీ పనిలో ఉన్నాడు. జ్వరం తగ్గింది, ఇక మెత్తటి అన్నం పెట్టమని డాక్టరుగారు చెప్పేసరికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అడుగుదామంటే పేటలో ఆడవాళ్లంతా చేలల్లో ఉన్నారు. కుండలో మాత్రం బియ్యం ఉన్నాయి. అమ్మ వాటిని ముట్టుకోలేదు. తమ్ముడికి జ్వరం రాకముందు ఒకరోజు పిడికెడు తీయడం మర్చిపోయిందట. అందుకే దేవుడు శిక్షించాడని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ బియ్యమే వండితే ఇక బిడ్డ దక్కడని భయం. వాడేమో అన్నం, అన్నం అంటూ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు.

మధ్యాహ్నం అయ్యగారు వాడి కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు.

"ఏమ్మా, పిల్లాడికేం పెట్టలేదా?"

"బియ్యం లేవండి అయ్యగారూ."

"మరి ఆ కుండలో?"

"అయ్యో, అవి దేవుడివండీ! అసలే తప్పు చేసి ఉన్నా," అని అమ్మ జరిగిందంతా చెప్పి ఏడ్చింది.

బైబిలు తీసి వాక్యం చదువుతారనుకున్నాను. ఆయన వెళ్లి చాప మీద కూర్చున్నారు.

"రేపు ఆదివారం ఆ బియ్యం ఎవరింటికి వస్తాయి?"

"మీ ఇంటికేనండి."

"అయితే నావే కదా. నాకు ఆకలేస్తోంది, ఇప్పుడే వండు. గంజి వార్చకు, మెత్తగా ఉండనీ. నా పళ్లు కదులుతున్నాయ్."

అయ్యగారి మాట కాదనలేక అమ్మ కుండ బోర్లించింది. అన్నం వడ్డించాక ఆయన తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద వాడి నోట్లో పెట్టారు. తర్వాత నాకు. ఆ తర్వాతే తాను తిన్నారు. ఏమవుతుందోనని అమ్మ వాణ్ణే చూస్తూ గోడకానుకుని నిలబడింది. ఏమీ కాలేదు. వాడు కడుపునిండా తిని నిద్రపోయాడు.

"పిడికెడు మర్చిపోయావని పసివాడి మీద కక్ష తీర్చుకునే దేవుడి గురించా తల్లీ, ఇన్నాళ్లూ నేను చెప్పింది? అట్టయితే తప్పు నాది. కన్నకొడుకునే మనకిచ్చినవాడు నీ పిడికెడు కోసం కాపలా కూర్చుంటాడా? పెట్టాలనిపిస్తే సంతోషంగా పెట్టు. భయపడి పెట్టకు. ముందు నువ్వు తిను," అన్నారు.

అమ్మ ఆ తర్వాత కూడా పిడికెడు తీసేది. మర్చిపోయిన రోజున మాత్రం "ఇవాళ మర్చిపోయానే" అని నవ్వేసేది.

ఇప్పుడు నాకూ ఒక పాప ఉంది. దాని ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ప్రార్థన మానేశానా, ఆదివారం ఇంట్లో ఉండిపోయానా అని నా మనసు తప్పులు వెతకడం మొదలుపెడుతుంది. కాలేజీ చదువు ఆ భయాన్ని పోగొట్టలేదు. అయ్యగారు గుర్తొచ్చినప్పుడు వెతకడం ఆపుతాను. పాపకు మందు వేసి ప్రార్థన చేసుకుంటాను. అందులో దేవుణ్ణి బతిమాలుకోను. పాపకి ఒంట్లో బాగాలేదని, నాకు భయంగా ఉందని ఉన్నమాట చెబుతాను.