డింప్నక్క అడిగి ఎక్కిన కొండ

డింప్నా కాసిడీకి ఒకే ఒక్క జబ్బు ఉంది. అడగడం. ఎదుటివాళ్ళు సరేననకపోతే ఆవిడ గడ్డిపరక కూడా దాటదు.

సొంత చెల్లెలింటికి వెళ్ళినా, తలుపు బార్లా తెరిచి ఉన్నా, గుమ్మంలో నిలబడి "రావచ్చా?" అంటుంది. వచ్చాక "కూర్చోవచ్చా?" కూర్చోబోతూ "ఈ కుర్చీలోనేనా?" బస్సు మా ఊళ్ళో ఆగితే డ్రైవరు దగ్గరకెళ్ళి "దిగొచ్చా బాబూ?" అంటుంది. "దిగకపోతే మీ ఆయన నా మీద పడతాడు తల్లీ, దిగండి" అంటాడు వాడు.

ఆవిడ భర్త ఫ్రాన్సీ పబ్బులో ఈ సంగతి చెప్పని వారం లేదు. "నన్ను పెళ్ళాడతావా అని అడిగాను. ఉండు, మీ కుక్కనడిగి చెప్తానంది. ఆ దరిద్రపు కుక్క తోకాడించింది. అంతే, నా బతుకు తెల్లారింది!"

"ప్రతిదానికీ అడగడమేంటక్కా?" అని నేనంటే, "అడిగితే మన సొమ్మేం పోతుంది పీడర్?" అంటుంది. నిజమే, ఆవిడ సొమ్మేం పోదు. పోయేది అవతలివాళ్ళ పొద్దు.

అలాంటి మనిషికి మా ఊరి చర్చి పారిష్ కమిటీ కొండెక్కే దారి వెతికే పని అప్పగించింది. ముల్లాగారవ్ కొండంటే పెద్ద కొండేం కాదు, మా మోనహన్ జిల్లా నేలకు లేచిన బొప్పి. నెత్తి దాకా పచ్చిక పొలాలే. పూర్వం జూలై ఆఖరి ఆదివారం ఊరంతా పైకెక్కి, అక్కడ కాసే చిన్న చిన్న నల్లపండ్లు ఏరుకుని, తిని నోళ్ళన్నీ నీలం చేసుకుని దిగేవాళ్ళు. తరవాత కంచెలొచ్చాయి, ఎవరి గట్టు వాళ్ళకి ముద్దొచ్చింది, ఎక్కడం మానేశారు. ఈ ఏడు మళ్ళీ ఎక్కాలని కమిటీ పట్టుదల. పొలాలవాళ్ళు ఒప్పుకుంటేనే దారి. "అడగడంలో డింప్నాని మించినవాళ్ళెవరు?" అన్నారు. ఎదురింటివాణ్ణి కాబట్టి, గేట్లు తెరిచి మూసే ఉద్యోగం నాకిచ్చారు.

మొదటిరోజు మేం కొండ పాదం కూడా దాటలేదు. అడగడానికి ముందు టీ, ఒప్పుకున్నాక టీ, మధ్యలో సోడా ఉప్పుతో కాల్చిన రొట్టె, వెన్న, ఆ ఇంటివాళ్ళ మోకాళ్ళ నొప్పులు, కూతుళ్ళ కాన్పులు. "అక్కా, అవునన్నారుగా, లేద్దాం" అని గొణిగితే, "అవునన్న వెంటనే లేచిపోతే, అవుననిపించుకోవడానికే వచ్చామనుకోరూ?" అని నన్నే కసిరింది.

ఓ పొలంలో ఆంబోతు ఉంది. ఆ పొలం ఆసామి సరేనన్నాడు. డింప్నక్కకు చాలలేదు. గేటు దగ్గర నిలబడి, "ఏం నాయనా, ఇలా వెళ్ళొచ్చా?" అని దాన్నీ అడిగింది. అది ముందుకాలితో మన్ను గీరింది. "వద్దంటున్నాడు పీడర్" అని ఎంతో మర్యాదగా వెనక్కి తిరిగింది. నేను అప్పటికే పక్క గట్టెక్కి ఉన్నాను.

ఎలాగో కొండ నడుం దాకా వచ్చాం. ఈ వైపు పైనున్న రెండు పొలాలూ ట్రేనర్ అన్నదమ్ములవి. అన్న మాలకీ, తమ్ముడు లోర్కన్. ఇద్దరూ ఒంటిగాళ్ళే. రెండు పొలాలకీ నడుమ గట్టు, ఆ గట్టుకో గండి. చాలా ఏళ్ళ కిందట ఆ గండిలోంచి లోర్కన్ కోడెదూడ బయటపడి, వాగులో కూరుకుని చచ్చిపోయింది. గండి ఎవరిదైతే మూయడం వాళ్ళ బాధ్యత. అందుకని గండి నాది కాదంటే నాది కాదన్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. చర్చిలో ముందు బల్ల మీద ఒకడు, వెనక బల్ల మీద ఒకడు, మధ్యలో ఊరంతా. గండికి అడ్డంగా ఓ పాత ఇనప మంచం నిలబెట్టి ముళ్ళతీగ చుట్టి ఉంది. ఆ మంచం ఎవరు పెట్టారన్నది కూడా ఇద్దరూ ఒప్పుకోరు.

"మాలకీ, నీ పొలంలోంచి వెళ్ళొచ్చా?"

"రాజాలా వెళ్ళండి."

"ఆ గండిలోంచి?"

"గండి వాడిది. వాణ్ణే అడగండి."

లోర్కన్ దగ్గరకెళ్ళాం. "గండి ఆయనది. ఆయన్నే అడగండి."

మళ్ళీ మాలకీ. మళ్ళీ లోర్కన్. మళ్ళీ టీ. జూలై జారిపోతోంది. కమిటీవాళ్ళు మొత్తుకున్నారు. "ఆ మంచం లాగి పారేసి పదండమ్మా! ఇద్దరూ నాది కాదంటుంటే అడ్డేంటి?"

"యజమాని లేని గండి దాటితే ఎవరిని అడిగి దాటినట్టు?" అంది డింప్నక్క. కదల్లేదు.

చివరికి ఓ రోజు మాలకీతో, "నాకు చూపు ఆనడం లేదు, హద్దు ఎక్కడో వచ్చి చూపించు బాబూ" అంది. లోర్కన్‌తోనూ అదే మాట, అదే వేళకి. ఆవిడ చూపు ఎలాంటిదంటే, మా ఇంట్లో ఉడుకుతున్నదేమిటో రోడ్డవతల నుంచి చెప్పగలదు.

ఇద్దరూ వచ్చారు. ఒకణ్ణొకడు చూశారు. ఇద్దరూ ఆకాశం వైపు తిరిగారు.

"ఆయనకి చెప్పండి, హద్దు ఆ ముళ్ళచెట్టు" అన్నాడు లోర్కన్.

"వాడికి చెప్పండి, హద్దు ఈ రాయి" అన్నాడు మాలకీ.

"నాకీ చెవి సరిగా పనిచేయదు," అంది డింప్నక్క, అంత మంచి చెవి మీద చెయ్యి పెట్టుకుని. "మీలో మీరే చెప్పుకుని, తేలింది నాకు చెప్పండి."

ఆఖరికి మాలకీ రాయి చూపించడానికి రెండడుగులు వేశాడు. కాలు ఈడుస్తున్నాడు. లోర్కన్ ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నీ కాలికేమైంది?"

"తుంటి అరిగింది."

"ఎప్పటి నుంచి?"

"క్రిస్మస్ నుంచి."

"నాకు చెప్పలేదే?"

"నువ్వడగలేదుగా."

లోర్కన్ నేల చూశాడు. ఆ తరవాత మంచం దగ్గరకెళ్ళి, "ఆ కొస పట్టుకో" అన్నాడు. అంతలోనే, "వద్దులే, నువ్వు పట్టుకోకు. పీడర్, నువ్వు రా" అన్నాడు. "నా చేతులకేం రోగం?" అంటూ మాలకీయే పట్టుకున్నాడు. ముళ్ళతీగ తెగి, మంచం పక్కకి ఒరిగింది.

"వెళ్ళొచ్చా?" అంది డింప్నక్క.

"వెళ్ళండి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

జూలై ఆఖరి ఆదివారం ఊరంతా ఆ గండిలోంచే వరసగా ఎక్కాం. ఆయాసపడుతూ పైకి చేరేసరికి, ఫ్రాన్సీ కొండ నెత్తిన ట్రాక్టర్ పక్కన తీరిగ్గా పైపు కాలుస్తూ, రొట్టెల బుట్ట ముందేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నువ్వెలా వచ్చావయ్యా?" అన్నాను.

"కొండకి అవతలి వైపు, మా ఇంటి వెనక పొలంలోంచి. ఆ హేజెల్ చెట్ల మాటున పాత బండిబాట ఉందిగా, తిన్నగా ఇక్కడికే. మొదటిరోజే చెప్పాను దానికి."

నేను డింప్నక్క వైపు తిరిగాను. "అక్కా! ఎవరినీ అడగక్కర్లేని దారి మీ పొలంలోనే పెట్టుకుని, నా చేత అన్ని టీలు తాగించావా?"

"ఆ దారిలో ఒక్క ఇల్లూ తగలదు పీడర్," అంది, ఏరుతున్న పండ్లు వదలకుండా. "ఊరికే వెళ్ళి 'ఎలా ఉన్నావు' అంటే ఎవరైనా చెప్తారా? బాగున్నా అని తలుపేసుకుంటారు. అదే ఏదైనా అడగడానికి వెళ్ళావనుకో, కూర్చోబెడతారు."

ఇంతలో కింద గండి దగ్గర పెద్ద కేకలు వినిపించాయి. అక్కడ కొత్త గేటు పెట్టాలట. అది ఎటు తెరుచుకోవాలని అన్నదమ్ములిద్దరూ గొంతులు చించుకుంటున్నారు.

కంగారుగా లేవబోయాను. డింప్నక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండు, కాసేపు విననీ" అంది. "ఎన్నేళ్ళైందో, వాళ్ళిద్దరూ ఇంత బాగా పోట్లాడుకుని."