ఒక్క తప్పు జవాబు కోసం

ఆ రోజుల్లో పాఠం చెప్పాలంటే పాఠం వస్తే చాలనుకునేదాన్ని. రాష్ట్రం వచ్చిన కొత్త. నల్లగొండ వైపు ఒక విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పే పార్ట్ టైమ్ లెక్చరర్‌ని. (పార్ట్ టైమన్నది పేరుకే. పరీక్షల డ్యూటీ నుంచి పండుగ ముగ్గుల పోటీ దాకా అన్నిటికీ మేమే కనిపించేవాళ్లం.) ఎండాకాలం సెలవులు రాగానే మా ఉద్యోగం ముగిసిపోయేది. మళ్లీ కాలేజీ తెరిచేనాటికి పిలుపొస్తే ఉన్నట్టు, రాకుంటే లేనట్టు. ఆ ఏడు మాత్రం మా హెడ్డు గారు కొత్త మెలిక పెట్టారు. అధ్యాపకులకు బోధన నేర్పే శిక్షణ ఒకటి పాలమూరులో జరుగుతోందని, దానికి పోయి రమ్మని చెప్పి, "రిపోర్టు మంచిగొస్తే జూన్ల రామ్మా. రాకపోతె నన్నేం అనకు, నా చేతుల లేదు" అన్నారు. నాకేమో ఉద్యోగమంటే ప్రాణం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఉద్యోగం పోయిందంటే పెళ్లికి అడ్డు చెప్పడానికి నా దగ్గర ఇంకో సాకు లేదు. బ్యాగు సర్దుకుని బస్సెక్కాను.

శిక్షణ ఇచ్చే మేడం సన్నగా, చురుగ్గా ఉండేది. ఆమెకు మేం మొదటి రోజే ఔట్‌కమ్ మేడం అని పేరు పెట్టాం. ఎవరేం చెప్పినా "మంచిదే, దీని ఔట్‌కమ్ ఏంది?" అని అడిగేది. ఆమె లెక్కలో పాఠాన్ని మొదటి నుంచి కాదు, చివరి నుంచి అల్లుకు రావాలి. కోర్సు ముగిసేసరికి పిల్లవాడికి ఏం చేతకావాలో ముందు రాయాలి, దాన్ని ఎలా పరీక్షిస్తామో తర్వాత రాయాలి, పాఠం అన్నిటికన్నా ఆఖరున. అందులోనూ 'తెలుసుకుంటాడు', 'అర్థం చేసుకుంటాడు' అని రాస్తే ఎర్ర సిరా గీత పడేది. "వాడు అర్థం చేసుకున్నట్టు నీకెట్ల తెలుస్తది? కండ్లకు కనబడేది రాయుండ్రి" అనేది. 'వివరిస్తాడు', 'పోలుస్తాడు', 'వేరుచేసి చూపుతాడు' అని రాయాలన్నమాట. ఆ పిచ్చి మాకు ఎంత ఎక్కిందంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా "ఈ భోజనం ముగిసేసరికి అభ్యాసకుడు పప్పును సాంబారు నుంచి వేరుచేసి చూపగలడు" అని ఔట్‌కమ్‌లు రాసుకుని పకపకా నవ్వుకునేవాళ్లం. (ఆ క్యాంటీన్‌లో అది అంత తేలికైన ఔట్‌కమ్ కాదు.)

అసలు గండం చివరి రెండు రోజులు. ఒక్కొక్కరు లేచి కాసేపు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు పిల్లల్లా బెంచీల్లో కూర్చోవాలి. ఔట్‌కమ్ మేడం వెనకాల కూర్చుని, వీడియో తీయిస్తూ, రిపోర్టు రాస్తుంది. పాఠంలో పిల్లలు మాట్లాడాలి, ప్రశ్నలడగాలి, తప్పు చెప్తే నొప్పించకుండా దిద్దాలి. వీటన్నిటికీ మార్కులు. మేమూ తక్కువ వాళ్లమా? టీ తాగే చోట చీకటి బేరాలు మొదలయ్యాయి. నీ క్లాసులో నేను మంచి ప్రశ్న అడుగుతా, నా క్లాసులో నువ్వు మంచి జవాబు చెప్పు. కాపీ కొట్టే విద్యార్థులను పట్టుకునే చేతులే చిట్టీలు పంచుకున్నాయి.

నా పాఠం నెమరు వేసే జంతువులు. పథకం కూడా పకడ్బందీగా వేశాను. "గొర్రెకు ఎన్ని కడుపులు?" అని అడుగుతాను. ఒకరు లేచి "నాలుగు" అంటారు. లోకమంతా అలాగే అనుకుంటుంది. అప్పుడు నేను చిరునవ్వుతో "దగ్గరికొచ్చారు కానీ కాదు. గొర్రెకు ఉన్నది ఒకటే కడుపు, అందులో నాలుగు అరలు" అని బొమ్మ చూపిస్తాను. తప్పును దిద్దిన మార్కులన్నీ నావే. చిక్కల్లా ఆ తప్పు జవాబు చెప్పే మనిషి దొరకకపోవడం. మంచి ప్రశ్నలకు పోటీ ఉంది కానీ, తప్పు జవాబును ఉచితంగా ఇస్తానన్నా తీసుకునే అధ్యాపకుడు లేడు. కామర్స్ చెప్పే డెబిట్ మేడం ముఖమే చిట్లించింది. "నేను తప్పు చెప్పుడా? మా స్టూడెంట్లు గీ వీడియో చూస్తే నా ఇజ్జతేం గావాలె? ప్రశ్న ఏదన్న ఉంటె ఇయ్యి" అంది. సరేనని ఆమెకు "నాకు అర్థం కాలేదు మేడం, ఇంకొక్కసారి చెప్తరా?" అనే ప్రశ్న ఇచ్చి, నేను కడుపు బొమ్మ గీసిన వెంటనే అడగమన్నాను.

ఇక మిగిలింది గురుత్వాకర్షణ సారు. భౌతికశాస్త్రం ప్రొఫెసరు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన. కుర్చీలో ఒకసారి కూర్చుంటే భూమి ఆయన్ను వదిలేది కాదు, అందుకే ఆ పేరు. వారమంతా ఎవరితోనూ రెండు ముక్కలు మాట్లాడలేదు. అంత పెద్దాయన తప్పు చెప్తే, దాన్ని నేను మర్యాదగా దిద్దితే ఎంత నిండుగా ఉంటుంది! టీ కప్పు అందిస్తూ విషయం చెప్పాను.

"నాలుగు అనాల్నా?" అన్నారు అనుమానంగా.

"అంతే సార్. ఒక్క మాట."

"అది తప్పు గద బిడ్డా."

"తప్పే సార్. తప్పే కావాలి."

సారు కప్పు కింద పెట్టారు. "మేం గొల్లోళ్లం. మా తమ్ముని కాడ ఇప్పటికి మంద ఉన్నది. నేను గొర్రెకు నాలుగు కడుపులన్నట్టు వానికెరుకైతె ఊర్ల తలెత్తుకోనిస్తడా? ఇంకేదన్న అడుగు. చంద్రుని మీద గాలున్నదని చెప్పమను, చెప్త."

నేను వదలలేదు. నా ఉద్యోగం దీని మీదే ఉందని, పిలుపు రాకపోతే ఇంటికి పోవడమేనని నిజంగానే కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాను. ఆయన టీ కప్పు మళ్లీ అందుకుని "సరే తియ్, చూద్దాం" అన్నారు. పెద్దవాళ్లు 'చూద్దాం' అంటే ఒప్పుకున్నట్టు కాదని ఆ వయసుకు నాకు తెలియదు.

మర్నాడు గంజి పెట్టిన నారాయణపేట చీర కట్టుకుని, రాత్రంతా బట్టీ పట్టిన పాఠంతో నిలబడ్డాను. నమస్కారాలయ్యాయి. గొర్రెకు ఎన్ని కడుపులని అడిగాను. గురుత్వాకర్షణ సారు లేచారు. (లేవడమే ఒక ఘట్టం. వెనకాల ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.)

"ఒకటే" అన్నారు, గొంతు సవరించుకుని.

బట్టీ పట్టిన నోరు ఆగుతుందా? "దగ్గరికొచ్చారు కానీ కాదు సార్. గొర్రెకు ఉన్నది ఒకటే కడుపు!" అన్నాను, అదే చిరునవ్వుతో.

"నేను గదే అన్న గద బిడ్డా."

గది గొల్లుమంది. వీడియో తీసే అతని భుజాలు కూడా కదులుతున్నాయి. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. తర్వాత చెప్పాల్సిందంతా సారు 'నాలుగు' అన్నాకే మొదలవుతుంది, ఆ నాలుగే రాలేదు. జూన్ నెల కళ్ల ముందే జారిపోతోంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మీకెట్ల తెలుసు సార్?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. తర్వాత నింపాదిగా బోర్డు దగ్గరికి వచ్చి, నా చేతిలోని సుద్దముక్క తీసుకున్నారు. "బోటి కడిగినోనికి ఎరుకుండదా? ఒక అర తువ్వాల లెక్క గరుకుగుంటది. దాని పక్కది తేనెపట్టు లెక్క. ఇంకోటి పుస్తకం లెక్క, కాయిదాలు తిప్పినట్టు పొరలు పొరలు. ఆఖరుది మన కడుపసొంటిదే" అంటూ బొమ్మ గీశారు. కడుపు బొమ్మ బోర్డు మీద కనపడగానే డెబిట్ మేడం మాట తప్పని మనిషిలా లేచి, "నాకు అర్థం కాలేదు మేడం, ఇంకొక్కసారి చెప్తరా?" అని నన్నడిగింది. నేనేం చెప్పానని? సారు మాత్రం "చెప్తమ్మా, కూసో" అని మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. మంద మేసి వచ్చి పడుకున్నాక దవడలు ఎలా ఆడిస్తుందో చేసి చూపించారు. నెమరు ఆపిన గొర్రెకు రోగమొచ్చినట్టేనని, చిన్నప్పుడు వాళ్ల నాయిన పొద్దున్నే మంద మధ్యకు పోయి దవడలు చూసేవాడని చెప్పారు. వారమంతా నోరు విప్పని మనిషి! కొందరు ప్రొఫెసర్లు వాళ్ల వాళ్ల బర్రెల సంగతులు అడగడం మొదలుపెట్టారు. ఔట్‌కమ్ మేడం టైమ్ అయిందని గంట కొడితే, "ఆగమ్మా, ఇంకో అర ఉన్నది" అన్నారాయన. నేను గోడకు ఆనుకుని, బస్సు టైమింగులు గుర్తు చేసుకుంటున్నాను.

పాఠం అయ్యాక విద్యార్థులు ఏం నేర్చుకున్నారో చెప్పడం అక్కడి పద్ధతి. మేడం మొదట సారునే అడిగింది. "ఈమె క్లాసుల మీరేం నేర్చుకున్నరు సార్?"

ఆయనకు అబద్ధం ఎలాగూ చేతకాదు. "ఏం నేర్చుకోలె" అన్నారు. నా ప్రాణం పోయింది. ఆయన కూర్చోబోయి ఆగారు. "కని ఒక మాట. బడికి పోయిన కాడికెల్లి నేను గొర్లకాడి పిలగాన్నని నలుగుర్ల చెప్పలె. నవ్వుతరని భయముండె. ఇన్నేండ్లల్ల నీకెట్ల తెలుసని ఎవ్వరడగలె. గీ పిల్ల అడిగింది" అని కూర్చుని, జేబు రుమాలుతో అద్దాలు తుడుచుకున్నారు. నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను ఆయన్ను వెతుక్కుంటూ పోయింది తప్పు జవాబు కోసం కదా!

సాయంత్రం ఔట్‌కమ్ మేడం నన్ను పక్కకు పిలిచింది. "తప్పు జవాబు సారుకే ఇచ్చినవా?" అంది. అవునని తలూపాను. "పరేషాన్ కాకు. ప్రతి బ్యాచ్‌ల గిదే కథ. నీ క్లాసు మొత్తం బట్టీయే, ఒక్క ప్రశ్న తప్ప. రిపోర్టుల ఆ ఒక్కటే రాస్తున్న. టైముకు మాత్రం సున్నా." జూన్లో పిలుపొచ్చింది. పెళ్లికి ఇంకో ఏడు వాయిదా కూడా దొరికింది.

ఇప్పుడు నన్ను చూసినవాళ్లు పద్ధతి గల మేడం అనుకుంటారు. నా కోర్సు ప్లాను ముచ్చటగా ఉంటుంది, ఔట్‌కమ్‌లన్నీ కళ్లకు కనబడేవే. అయితే క్లాసులోకి పోయాక నోరు ఊరుకోదు. మొన్న జంతువుల ప్రసవం పాఠం మొదలుపెట్టి, ఎవరైనా చూశారా అని అడిగాను. కట్టంగూర్ నుంచి వచ్చే పిల్ల ఒకతి, ఎప్పుడూ తలెత్తనిది, మెల్లగా "మా బర్రె ఈనంగ దూడను నేనే పట్టుకున్న మేడం" అంది. నీకెట్ల తెలిసింది ఎప్పుడు పట్టుకోవాలో అన్నాను. ఇంకేముంది, సుద్దముక్క ఆమె చేతిలోకి పోయింది. పాఠం తెరవనే లేదు. ఆ సంగతి కూడా నాకు తెలియలేదు, మా కొత్త హెడ్డు గారు తలుపు దగ్గర నిలబడి, బోర్డు దగ్గరున్న పిల్లను "మీ మేడం ఇయ్యాల రాలేదా?" అని అడిగేదాకా. గంజి చీరలో బట్టీ పాఠంతో నిలబడ్డ ఆనాటి నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నేను మాత్రం మొదటి బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నదాన్ని, "ఉన్న సార్" అని హాజరు పలికాను.