గునుగుపూల రంగు, మా అమ్మ చీర

నాకు ఉడుకుమోతుతనం ఎక్కువ. బందరు నుంచి శంషాబాద్‌కు కోడలిగా వచ్చిన తొలి బతుకమ్మకే అది బయటపడింది.

పండగ ముందురోజు సాయంత్రం మామయ్యగారి తెల్ల పంచెను బకెట్లోంచి తీస్తే ఒళ్లంతా ఊదా మచ్చలు. పక్కనే దండెం మీద, మా అమ్మ పండక్కని పెట్టిన ఊదా చీర తడిగా ఆరుతోంది. అత్తయ్య రెండింటినీ చూసి తీర్పు చెప్పేశారు.

"చీర రంగు దిగుతున్నది బిడ్డా. రేపు గిది కట్టకు, పక్కోళ్లకు అంటుతది."

మా అమ్మ నాలుగు కొట్లు తిరిగి కొన్న చీర. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. బడిలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, రుజువు చేస్తానన్నాను.

ఇక్కడ తెల్లటి గునుగుపూలను బతుకమ్మలో పేర్చే ముందు రంగునీళ్లలో ముంచుతారు. ఆ ఏడు మా ఇంట్లో కలిపిన రంగూ ఊదాయే. బడి నుంచి తెచ్చిన వడపోత కాగితం మీద పెన్సిల్ గీత గీసి మూడు చుక్కలు పెట్టాను. ఒకటి చీర దారాన్ని ఉడకబెడితే గాని దిగని రంగు, ఒకటి పూల రంగు, ఒకటి పంచె మచ్చను నానబెట్టిన నీళ్లు. చుక్కలు మునగకుండా కాగితం అంచును గ్లాసులో నీళ్లకు తాకించాను.

నీరు కాగితం మీద పైకి పాకింది. నీటితో పోయే రంగు ముందుకు పోతుంది, కాగితాన్ని పట్టుకు వేలాడేది వెనకబడుతుంది. చీర చుక్క ఊదాగానే కదిలింది. పూల చుక్క గులాబీగా, నీలంగా విడిపోయింది. పంచె చుక్కా అంతే, అవే ఎత్తుల్లో.

"చూశారా అత్తయ్యా, దొంగ పూల రంగే" అన్నాను, నెత్తిన పోయే విమానం చప్పుడును మించిన గొంతుతో.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"నిజమే. మరి పొద్దున పూలు ముంచింది ఎవరు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వెనక్కి పోయాయి. వేళ్లు ఇంకా ఊదాగానే ఉన్నాయి. రంగు పారబోసి, బకెట్ కడగకుండా పంచె నానబెట్టిందీ నేనే.

"రేపు చీర కట్టుకో. పాపం, దాని తప్పేమున్నది?" అన్నారు అత్తయ్య. పొట్లంలో మిగిలిన రంగు కలిపి పంచె మొత్తం ముంచేశారు.

మర్నాడు మామయ్యగారు ఊదా పంచెతో బతుకమ్మను మోస్తూ మా ముందు నడిచారు.

"ఏంది బాపు, గీ రంగు?" అని ఎవరో అడిగారు.

"మా కోడలు సైన్సు టీచర్" అన్నారాయన.

నేను అమ్మ చీర కొంగులో వేళ్లు దాచుకున్నాను.