తిరిగే బోల్టు వెనక

2023లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. బందరులో కోనేరు సెంటర్‌కి కాస్త ఎడంగా నా కార్ల షెడ్డు. మా ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము నిలవదు. అందుకే నంబర్ ప్లేట్ బోల్టులు పట్టేశాయనీ, తిరుగుతున్నాయే గానీ ఊడిరావడం లేదనీ వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. బోల్టు తుప్పుతో నట్టుకి అతుక్కుపోతుంది. మనం తిప్పిన కొద్దీ లోపలున్న నట్టు కూడా దానితోపాటే తిరుగుతుంది. దీన్ని మేం స్పిన్నింగ్ అంటాం. వెనక నట్టుని కదలకుండా ఆపకపోతే పొద్దస్తమానం తిప్పినా లాభం లేదు.

పని చిన్నదే, భయమే పెద్దది. దొంగబండికి ప్లేట్ మార్చాడని మా వీధిలో ఒక మెకానిక్‌ని స్టేషన్ చుట్టూ తిప్పారు. పాపం, అతనికేమీ తెలియదు. అప్పట్నుంచి ఆర్సీ, అంటే బండి ఎవరిదో చెప్పే కార్డు, చూడందే నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోను.

ఆ మధ్యాహ్నం పాత తెల్ల కారు ఒకటి వచ్చింది. ఆగడం షెడ్డు ముందు కాదు, పక్కనున్న లారీ చాటున. దిగినావిడకి నలభై లోపే ఉంటాయి. పమిడిముక్కల వైపు బళ్లో టీచర్నని చెప్పింది.

“ముందు ప్లేట్ ఒక్కటి తీసి మళ్లీ బిగించాలండి.”

“కొత్త ప్లేటేదమ్మా?”

“కొత్తది లేదు. ఇదే తీసి, ఇదే పెట్టాలి.”

తీసింది తీసినట్టు పెట్టించుకోవడానికి అంత దూరం నుంచి రావడమేమిటి? ఆర్సీ అడిగాను. కార్డు మీద మగమనిషి పేరుంది. “మా ఆయనండి,” అంటూనే, “ఆయన మీకు తెలుసా?” అని అడిగింది. తెలియదన్నాను. కాసేపాగి మళ్లీ అదే ప్రశ్న. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బాపతు అనుకున్నాను.

“ఆయనతో ఫోన్లో ఒక్కమాట చెప్పించండమ్మా, పని మొదలెడతాను.”

“వద్దండీ. ఆయనకి చెప్పొద్దు.”

అనుమానం పెనుభూతమంటారు కదా, నాకదే పట్టుకుంది. పొమ్మందామంటే ఆడమనిషి. చేద్దామంటే రేపు ఎవరొచ్చి మెడ పట్టుకుంటారో తెలియదు. పాము చావకుండా కర్ర విరక్కుండా, రెండు తిప్పులు తిప్పి రావడం లేదని పంపేద్దామని కారు ముందు కూర్చున్నాను.

బోల్టు నిజంగానే తిరిగింది. అదే నాకు నచ్చలేదు. వెనక ప్లేట్ బోల్టులు తుప్పుతో బెల్లం ముక్కల్లా ఉన్నాయి. ముందువి మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి, తలల మీద స్క్రూడ్రైవర్ జారిన గీతలున్నాయి. తుప్పు లేని బోల్టు తిరుగుతోందంటే, ఎవరో ఈమధ్య హడావిడిగా బిగించి లోపలి ప్లాస్టిక్ నట్టుని చెడగొట్టారన్నమాట.

“ఇది ఎక్కడ విప్పించారమ్మా?”

“నేను విప్పించలేదండి,” అంది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. “నేనెక్కడ ఆగినా ఆయనకి తెలిసిపోతోంది. గుడివాడలో స్నేహితురాలి ఇంటి దగ్గర కాసేపు ఆగితే ఇంటికెళ్లగానే అడిగారు. ఫోన్ వదిలేసి వెళ్లినా అంతే. మొన్నట్నుంచి ఈ ప్లేట్ గలగలమంటోంది. మా వైపు మెకానిక్‌లంతా ఆయనకి తెలిసినవాళ్లే.”

ప్లేట్ వెనక చదును స్క్రూడ్రైవర్ దూర్చి ముందుకి లాగి పట్టాను. అలా లాగితే నట్టు బిగిసి తిరగడం మానేస్తుంది. రెండో చేత్తో బోల్టు విప్పాను. బంపర్ గుంటలో, టేపు చుట్టిన అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఉంది. జీపీఎస్ ట్రాకర్, బండి ఎక్కడుందో ఫోన్‌కి చెప్పే వస్తువు.

అది నా అరచేతిలో ఉండగానే ఆవిడ ఫోన్ మోగింది. అవతలి గొంతు నాకూ వినబడింది. “బందర్లో షెడ్డు దగ్గర ఏం చేస్తున్నావ్?”

“హారన్ మోగట్లేదండీ. చూపిస్తున్నాను.” గొంతు వణకలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“పగలగొట్టేస్తానమ్మా,” అన్నాను, ఫోన్ పెట్టేశాక.

“వద్దండీ. అది ఆగిపోతే ఆయన బయల్దేరతారు. ఉన్నచోటే పెట్టండి. బండి మీ దగ్గరే ఉండనివ్వండి.”

అవే బోల్టులు అలాగే బిగించాను. ఆవిడ తాళం నా చేతిలో పెట్టి, భుజాన బ్యాగుతో బస్టాండ్ వైపు నడిచివెళ్లింది. ఎక్కడికని నేను అడగలేదు. అడిగినా చెప్పేది కాదేమో.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద గల మనిషే. భార్య ఏదని అడగలేదు. తిన్నగా కారు ముందుకెళ్లి, వంగి, ప్లేట్ బోల్టుని బొటనవేలితో తడిమాడు. భుజాలు తడుముకునే దొంగ కోసం నిన్న నేను వేరే మనిషిని చూశానని అప్పుడర్థమైంది.

“హారన్ నొక్కేది లోపలండి,” అన్నాను.

చటుక్కున లేచాడు. లోపల కూర్చుని హారన్ నొక్కాడు. అది వీధంతా మోగింది.

“బాగానే ఉందిగా భాయ్?”

“బాగుచెయ్యడానికే కదండీ బండి నాకిచ్చింది.”

“మా ఆవిడ ఎటెళ్లింది?”

“నాతో చెప్పలేదండి.” అది నిజం. అడగనందుకు అల్లాకి మనసులోనే శుక్రియా చెప్పుకున్నాను.

కొన్నాళ్లకి అవనిగడ్డ నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్క మా దగ్గరే ఉందండి. ఇప్పుడు నిద్రపోతోంది. ఈమధ్య రోజూ బాగా నిద్రపోతోంది,” అన్నాడు.

ఇప్పటికీ ఆర్సీ లేందే నేను ప్లేట్ తీయను. కాకపోతే కార్డు మీద పేరు చూసేముందు బోల్టు తల చూస్తాను. తీయమన్నదెవరని మాత్రమే అడిగేవాణ్ని, ఇప్పుడు బిగించిందెవరని కూడా అడుగుతున్నాను.