చల్లగా ఉన్నప్పుడూ పట్టాలి

అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అశోక్‌నగర్‌లో మేం కిరాయికి ఉండే గది కింద, షెడ్డులో బ్రేకుల పని చేసే మేస్త్రీ చనిపోయారు. ఆ పొద్దున షట్టర్ లేవలేదు. మా ఆయన ఆ మేస్త్రీ దగ్గరే పని నేర్చుకుని ఆయన దగ్గరే చేస్తున్నాడు. వాళ్ళింటికి వెళ్ళి చూసి వచ్చి, "నిద్రలనే పోయిండు" అని మెట్ల మీద కూలబడ్డాడు. షెడ్డుకు వచ్చేవాళ్ళందరూ తలా ఒక జ్ఞాపకం రాసి ఇస్తే పుస్తకంలా కుట్టిస్తామన్నారు. అందుకే ఇది.

ముందు ఆ ఫ్లెక్సీ సంగతి చెప్పాలి. చిక్కడపల్లి చౌరస్తాలో కట్టారు. మేస్త్రీ ఫోటో వెనక మంటలు, మంటల్లో రేసు కారు, కింద "వేగానికి గురువు" అని పెద్ద అక్షరాలు. బతుకంతా బండ్లను ఆపే పని చేసిన మనిషికి ఆ పేరు! కట్టించినవాళ్ళు నెలకో ఆదివారం ఊరి బయట రేసు ట్రాక్‌కు కార్లు తీసుకెళ్ళేవాళ్ళు. గుండ్రంగా తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికే వస్తారు. దానికి నల్ల కళ్ళద్దాలు, చేతులకు తొడుగులు, వచ్చాక వారం రోజుల గొప్పలు.

వాళ్ళలో ఒకడు ఒకసారి మంటల బొమ్మ వేసిన బ్రేకు ప్యాడ్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. నేను మెట్ల మీద బియ్యం ఏరుకుంటూ విన్నాను.

"మేస్త్రీ, కంపెనీ ప్యాడ్లు తీసెయ్. ఈ ట్రాక్ ప్యాడ్లు ఎయ్యి."

"ట్రాక్ మీద ఎన్ని దినాలు తిరుగుతవ్?"

"నెలకొక్క ఆదివారం."

"మిగిలిన దినాలు?"

"ఆఫీసే. నారాయణగూడ ఫ్లైఓవర్ మీదికెల్లి."

"అంటే పెండ్లి ఒక్కనాడు, షేర్వానీ నెలంత. కూరగాయలకు గూడ గదే తొడుక్కొని పోతవా?"

అతనికి రోషం వచ్చింది. డబ్బా చంకన పెట్టుకుని ఇంకో షెడ్డుకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద రెండో పేరు అతనిదే.

ట్రాక్ ప్యాడ్లు రోడ్డుకు ఎందుకు పనికిరావో నాకు తెలిసింది జొన్నరొట్టె వల్ల. మధ్యాహ్నం నేను మేస్త్రీకి కూడా రెండు రొట్టెలు పంపేదాన్ని. ఆయన ఎదురుగా మాట్లాడటానికి నాకు సిగ్గు. ఒకరోజు ఆయనే కింద నుంచి అడిగారు.

"బిడ్డా, పెనం కాగకముందు రొట్టె ఏస్తే ఏమైతది?"

"కాలది కాకా. పచ్చిగ ఉంటది."

"మస్తు కాగినంక ఏస్తే?"

"మాడుతది."

"గంతే. ట్రాక్ ప్యాడుకు పెనం కాగాలె, లేకుంటే పట్టది. రోడ్డు ప్యాడు ఎక్కువ కాగితే మాడుతది, అప్పుడది పట్టది. చిక్కడపల్లి ట్రాఫిక్‌ల పెనం ఎప్పుడు కాగాలె? నువ్వు చెప్పినవ్ సూడు, కండ్లద్దాలోళ్ళకు ఇంత చదివినా ఎక్కదు."

ఆ రోజు ఎంత పొంగిపోయానో!

ఆయన పద్ధతి ఒకటే. రోజూ తిరిగే బండికి చల్లగా ఉన్నప్పుడే పట్టే ప్యాడ్లు. ట్రాక్‌కు వేరే జత. అక్కడే బిగించుకోవాలి, అక్కడే విప్పుకోవాలి. వెళ్ళేముందు బ్రేక్ ఆయిల్ కొత్తది పోయించుకోవాలి. రెండింటికీ ఒకే జత చాలదా అని అడిగితే, "గట్ల చెప్పినోడు నీకు ప్యాడ్లు అమ్ముతలేడు, బద్ధకం అమ్ముతుండు" అనేవారు.

ఆ బద్ధకం మా ఇంట్లోనే ఉంది. మా ఆయనకు ఒక పాత కారుంది. ఆ ట్రాక్ వాళ్ళతో కలిసి అతనూ ట్రాక్‌కు వెళ్ళాడు. ఆదివారం సాయంత్రం వచ్చి ట్రాక్ ప్యాడ్లు విప్పకుండా పడుకున్నాడు. సోమవారం పొద్దున నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు. నాకప్పుడు ఆరో నెల. చౌరస్తాలో నౌకరి పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లవాడు ఒకడు పుస్తకం చూసుకుంటూ అడ్డం వచ్చాడు. మా ఆయన బ్రేకు తొక్కాడు. కారు వినలేదు. ఇంకా గట్టిగా తొక్కితే, ఆ అబ్బాయి సంచికి తగిలి ఆగింది.

"ఏందన్నా, నౌకరి వచ్చేదాంక అన్న బతకనియ్యి!" అని అరిచి వెళ్ళిపోయాడు.

"చల్లగున్నయ్ కదా, జర లేటు పట్టినయ్. ఎవ్వరికి చెప్పకు" అన్నాడు మా ఆయన. నేను చెప్పలేదు.

ఆ కారు బ్రేకు వేసినప్పుడల్లా కీచుమనేది. మూడోరోజు మా ఆయన సామానుకు వెళ్ళినప్పుడు మేస్త్రీ మెట్ల దగ్గరికి వచ్చారు. "బండి ఏడుస్తుంది. ఏమైంది బిడ్డా?" నేను తల వంచుకున్నాను. ఆయన "సప్పుడు చేసే బ్రేకు నయం. సప్పుడు చెయ్యని మనిషితోనే భయం" అన్నారు.

అంతా చెప్పేశాను. మేస్త్రీ అప్పటికప్పుడు చక్రాలు ఊడదీసి, తన చేత్తో రోడ్డు ప్యాడ్లు వేశారు. మా ఆయన వచ్చాక ఆ ట్రాక్ ప్యాడ్లు అతని చేతిలో పెట్టి, "ఆదివారం ఎయ్యి, ఆదివారమే తియ్యి. తియ్యబుద్ధి కాకుంటే ఆడనే పండుకో, ఇంటికి రాకు" అన్నారు.

మేస్త్రీ పోయాక ఆ ఫ్లెక్సీ వాళ్ళు ఆయన జ్ఞాపకార్థం ఏం చేశారో తెలుసా? ట్రాక్ మీద పది చుట్లు తిరిగారు. ఒక నిమిషం మౌనంగా నిలబడమంటే నిలబడలేరు కాబోలు. మా ఆయనా వెళ్ళాడు. మర్నాడు సోమవారం పాపకు టీకా. తలుపు తీసి పట్టుకుని, "ఎక్కు" అన్నాడు.

"ప్యాడ్లు మార్చిండ్రా?"

"పది నిమిషాల తొవ్వనే! వచ్చినంక మారుస్త."

"ఇప్పుడు మార్చుండ్రి."

"అందరు చూస్తుండ్రు, మెల్లగ మాట్లాడే."

"చూడనియ్యుండ్రి. పాపను పట్టుకొని నేను ఇందుల ఎక్క."

గల్లీ అంతా వినేలా మాట్లాడటం నాకు అదే మొదలు. అతను నా ముఖం చూసి, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, జాకీ తెచ్చుకున్నాడు.

ఇదంతా రాశాక అనిపిస్తోంది, ఇది పుస్తకంలో కుట్టకండి. అతను నలుగురిలో చిన్నబోవడం నాకు ఇష్టం లేదు. చదివినవాళ్ళు చదివాక కాల్చేయండి.

చక్రాలు బిగించాక, మమ్మల్ని ఎక్కించుకునే ముందు, అతనొక్కడే కారు గల్లీ చివరిదాకా నడిపి చూసుకున్నాడు. వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి. ఆగింది. కొంచెం కదిలి మళ్ళీ ఆగింది. నా భుజం మీద నుంచి పాప ఆ ఎర్రటి వెలుగునే చూస్తోంది.