దెబ్బలమ్మ మొదటి ఆల్బమ్

కనిపించిన ప్రతి వస్తువునీ చెంచాతో ఓ దెబ్బ కొట్టి, ఆ మోతను చెవితో కాకుండా అరచేత్తో వినే మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ గాయని కావడమే ఇందులో విశేషం. మరొకరైతే వైద్యుడికి చూపించేవాళ్ళం.

ఆమె నాకు తగిలింది సగం దారిలో, కొండ మలుపు దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయిన బస్సు పక్కన. ప్రయాణికులందరూ రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చుని డ్రైవరు వంశాన్ని తలుచుకుంటున్నారు. డ్రైవరు తల ఇంజను లోపల ఉంది. అప్పుడు ఒక అమ్మాయి తాపీగా ముందుకు వెళ్ళింది. కొప్పులో పువ్వు ఉండవలసిన చోట స్టీలు చెంచా. మెడలో గొలుసు ఉండవలసిన చోట దారానికి వేలాడుతున్న రెండు రబ్బరు బిరడాలు. ఆ బిరడాలు చెవుల్లో బిగించుకుని, చెంచా తీసి, బస్సు తలుపు మీద ఒక్కటి ఇచ్చి, అక్కడ అరచెయ్యి ఆన్చి కళ్ళు మూసుకుంది.

డ్రైవరు అదిరిపడ్డాడు. తల బానెట్టుకు కొట్టుకుంది.

"ఏమ్మా! ఏం చేస్తున్నావ్?"

ఆమెకు వినపడలేదు. టంగ్.

"ఏమ్మోయ్! నిన్నే!"

టంగ్.

"తాతగారూ, మీ మనవరాలా?" అని నా మీద పడ్డాడు.

"ఇంకా కాదు" అన్నాను.

ఆమె బిరడాలు తీసి నవ్వింది. "మీ బస్సు తలుపు చాలా బాగుందండీ. మైకు పెట్టుకోవచ్చా?"

"రిపేరు చేసుకోవాలమ్మా, నన్ను వదిలెయ్."

"చేసుకోండి, నాకేం అడ్డం లేదు. స్పానరు కింద పడేసేటప్పుడు మాత్రం కాస్త గట్టిగా పడెయ్యండి." అని, సంచీలోంచి మైకు తీసి నా చేతిలో పెట్టింది. "తాతగారూ, ఇలా పట్టుకోండి. దగ్గొస్తే ఆపుకోండి."

నా కాళ్ళకు చక్రాలున్నాయని మా అక్క అంటుంది. ఊళ్ళు తిరగడం, దొరికిన పుస్తకమల్లా చదవడం తప్ప నాకు వేరే పని లేదు. కుండ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూడడం చూశాను. గోడలో దూలం చెదపట్టిందో లేదో కొట్టి చెప్పే వడ్రంగులను చూశాను. వైద్యులు రోగి వీపు మీద వేళ్ళతో కొట్టి చూడడం కూడా ఇలాంటి విద్యేనని ఎక్కడో చదివాను. వీళ్ళందరూ కొట్టి, విని, ఊరుకుంటారు. బస్సు తలుపును కొట్టి, ఆ తలుపు పాడుతుందని నమ్మే మనిషి కొత్త. అందుకే అడిగాను.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"డబ్బాల ఫ్యాక్టరీకి. మా పెద్దమ్మ నడిపిన మిషను చప్పుడు కావాలి. రేకు నొక్కే ఆ పాత ప్రెస్సులన్నీ త్వరలో పాత ఇనుముకి అమ్మేస్తారట. మీరెక్కడికి?"

"నేనూ అటే" అన్నాను. అంతకు ముందు క్షణం దాకా నేనెటు వెళుతున్నానో నాకే తెలియదు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు చెవులు మూసుకుని వేలు చూపించాడు. "కిటికీ పక్కదేనమ్మా మీ పెద్దమ్మ మిషను!" రేకును మింగి మూతలుగా ఉమ్మేసే రాక్షసి అది. ధన్, ధన్, ధన్. నేల అదిరి నా పళ్ళు కదిలాయి. అవి కట్టుడు పళ్ళు గనుక బతికిపోయాను. ఆమె మాత్రం బిరడాలు బిగించుకుని, ఆ రాక్షసి ఒళ్ళు నిమురుతూ నిలబడింది.

అలా నేను మైకు మోసే ఉద్యోగంలో చేరాను. జీతం లేదు గానీ పని మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. లిఫ్టు గ్రిల్లు కొట్టాం. నీళ్ళ ట్యాంకు కొట్టాం. ఒక బ్యాంకు లాకరు తలుపు కొట్టబోతే కాపలావాడు మమ్మల్ని కొట్టబోయాడు. "కొట్టనివ్వండి తాతగారూ, మైకు ఆన్‌లోనే ఉంది" అంది. నాకు ఆ కళ మీద అంత భక్తి లేదు. పరుగెత్తాను.

ఈ మోతలన్నీ చేరేది ఒక మెకానిక్ షెడ్డు మీద అద్దెకు తీసుకున్న స్టూడియో గదికి. గోడలకు కోడిగుడ్ల అట్టలు, మధ్యలో సౌండ్ ఇంజనీరు. దెబ్బలమ్మ అని ఆమెకు పేరు పెట్టింది ఆయనే. ఆమె సబ్బుల ప్రకటనలకూ పళ్ళపొడి ప్రకటనలకూ ఏళ్ళ తరబడి గొంతు అరువిచ్చి, ఆ సంపాదనంతా ఈ మొదటి ఆల్బమ్‌లో పోస్తోంది. "ఇండస్ట్రియల్, ఎలక్ట్రానిక్, పాప్ రాక్, మూడూ కలుపుతాను" అంది మొదటి రోజు. "మూడూ కలిపితే ఏమొస్తుంది?" అన్నాను. "మీకు తలనొప్పి, నాకు ఆల్బమ్" అంది.

నిజం చెప్పాలంటే తలనొప్పి రాలేదు. బస్సు తలుపు తాళం వేస్తుంటే, ఫ్రిజ్ గురగురను కంప్యూటర్‌లో సాగదీసి స్వరాలుగా పేరిస్తే, గిటార్లు ఉరుకులు పెడితే, వాటన్నిటి మధ్య నుంచి ఆమె గొంతు ఇరుకు సందులోంచి సైకిలు దూసుకొచ్చినట్టు వచ్చేది. నా వయసుకు తగని విధంగా కాలు ఊపాను.

కానీ పాట తయారైన ప్రతిసారీ అదే తంతు. అందరూ ఊపిరి బిగబట్టి వింటుంటే, పాడిన మనిషి చెవుల్లో బిరడాలు కుక్కుకుని, స్పీకరు ఉన్న బల్ల మీద అరచెయ్యి ఆన్చి కూర్చునేది. తరవాత తల అడ్డంగా ఊపేది.

"చాల్లేదు. కింద మోత పెంచండి."

"అమ్మా, పాట వినడానికి చెవులు మూసుకుంటే ఎలాగమ్మా?" ఇంజనీరు గోడకు తల ఆన్చి ఏడ్చేవాడు. కోడిగుడ్ల అట్టలు గనుక దెబ్బ తగిలేది కాదు.

"చెవులకి సిగ్గులేదండీ. ఏదైనా బాగుందంటాయి. ఇది పెద్దమ్మ పాస్ చెయ్యాలి."

"ఆవిడకి సంగీతం వచ్చా?"

"రాదు. అబద్ధం కూడా రాదు."

ఆ పెద్దమ్మను మేమెవ్వరమూ చూడలేదు. నా ఊహలో ఆవిడ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, తప్పు పాడినవాళ్ళ చెవులు మెలిపెట్టే మనిషి. ఇంజనీరు ఊహలో ఇంకా పెద్దది, చేతిలో కర్ర కూడా ఉంది. "పెద్దమ్మ ఒప్పుకోదు" అనే మాటతో ఆ గదిలో ఎన్ని రాగాలు నేలకూలాయో! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను చూశాను గానీ, ఈమె కుందేలుకు కాళ్ళే లేవు, అరచెయ్యి మాత్రమే ఉంది.

ఇంతలో ఆల్బమ్ విడుదల చేస్తానన్న కంపెనీ మేనేజరు వచ్చాడు. మెత్తటి బూట్లు, మెత్తటి మాట, మెత్తటి మనిషి. పాటలు విన్నాడు. గొంతు అద్భుతం అన్నాడు. ఆ తరవాత అసలు విషయానికి వచ్చాడు.

"ఈ మోత సగానికి తగ్గించాలండీ. జనం ఇయర్‌ఫోన్లలో వింటారు, పాపం."

"తగ్గించను."

"పోనీ మూడో పాట ఒక్కటి? అందులో ఏదో ఇల్లు కూలుతున్నట్టుంది."

"అది పెద్దమ్మ మిషను. అసలు తగ్గించను."

"అయితే ఆల్బమ్ మా చేతుల మీదుగా రాదు. వారంలో ఏ సంగతీ చెప్పండి."

ఇంకొకరైతే అక్కడ ఒక మెట్టు దిగేవారు. ఏళ్ళ కష్టం, మరో కంపెనీ గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమె చెంచా తీసి మేనేజరు బ్రీఫ్‌కేసును టక్‌మని కొట్టింది. అరచెయ్యి ఆన్చి, "లోపల డొల్ల" అంది.

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సార్. ఈవిడతో మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. పోనీ, ఆ పెద్దమ్మగారితోనే తేల్చుకుంటా. ఇల్లెక్కడ?"

ఇంజనీరుతో సహా నలుగురమూ వెళ్ళాం. ఊరి చివర వరస ఇళ్ళలో ఒకటి. ఇనుప గేటు, దాని నుంచి వరండా చుట్టూ ఇనుప కటకటాలు. వరండాలో మాకు వీపు పెట్టి ఒక సన్నటి ముసలావిడ చొక్కాకు బొత్తాలు కుడుతోంది. కళ్ళజోడు లేదు. కర్ర లేదు. మేనేజరు బెల్లు నొక్కాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. "అమ్మా!" అని కేకేశాడు. సూదిలో దారం ఎక్కించుకుంది.

మా అమ్మాయి చెంచాతో గేటు మీద టంగ్‌మని ఒక్కటి ఇచ్చింది.

కటకటాలకు పాదం ఆన్చి కూర్చున్న ఆవిడ చటుక్కున లేచింది. "వచ్చావే? కూడా ఎవర్నో లాక్కొచ్చావ్, బరువు తెలుస్తోంది" అంటూ వెనక్కి తిరిగింది.

మేనేజరు తన ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆవిడ అతని పెదవుల వైపే చూస్తూ, కాసేపయ్యాక చెయ్యి అడ్డం పెట్టింది.

"అరవకు బాబూ, మొహం ఎర్రబడుతోంది. నాకు చెవులు పోయి చాలా కాలమైంది. ఆ డబ్బాల మిషను మెల్లిగా తినేసింది. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పు, చాలు."

మేనేజరు నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు. ఇంజనీరు తన కోడిగుడ్ల అట్టల కోసం గోడ వెతుక్కున్నాడు.

"తల్లి లేని పిల్ల, నా దగ్గరే పెరిగింది" అంది పెద్దమ్మ నాతో. "చిన్నప్పుడు నా వీపు మీద పడుకుని పాడేది అన్నయ్యగారూ. చెవులు పోతున్నా వీపుకి పాట తెలిసేది. ఇప్పుడు ఎక్కించుకుందామంటే గాడిదలా పెరిగింది."

"పెద్దమ్మా, ఆ కథలన్నీ ఇప్పుడెందుకే" అంటూ మా అమ్మాయి స్పీకరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. మాకు ఎన్నడూ కారణం చెప్పని మనిషి అప్పుడూ చెప్పలేదు. వైరు తగిలించడంలో మునిగిపోయినట్టు నటించింది.

పెద్దమ్మ రెండు చేతులూ కడుక్కుని, తుడుచుకుని, బల్ల మీద పరిచింది. మొదటి పాటకు ఆవిడ వేళ్ళు కదిలాయి. రెండో పాటకు భుజాలు కదిలాయి. "ఇది బస్సా? తలుపు సరిగ్గా పడని బస్సు!" అని పకపకా నవ్వింది. నేను మేనేజరు వైపు చూశాను. ఆయన ఎవరూ చూడడం లేదనుకుని, చూపుడు వేళ్ళు రెండూ చెవుల్లో పెట్టుకుని, చెయ్యి మిగలక మోచేతులు బల్లకు ఆన్చి కూర్చున్నాడు.

ఆ పాట అయ్యాక గొంతు సవరించుకున్నాడు. "అదేనండీ... ఈ రెండో పాటలో మోత..."

"ఊఁ, మోత?" అంది మా అమ్మాయి, చెంచా బిగించి పట్టుకుని.

"కాస్త తక్కువైందేమో. నా మోచేతికి సరిగ్గా అందలేదు."

శంఖం ఊదవచ్చన్నమాట. బల్ల మీద పెట్టి ఊదాలి, అంతే.

మూడో పాట మొదలైంది. ధన్, ధన్, ధన్. పెద్దమ్మ నవ్వు మెల్లగా తగ్గింది. కనుబొమలు ముడిపడ్డాయి. మా అమ్మాయి మొహంలో నెత్తురు లేదు. కంపెనీతో మాట్లాడినప్పుడు కూడా ఆమె అంత భయపడలేదు.

"ఆపవే" అంది పెద్దమ్మ. "ఇది నా మిషను కాదు."

"కిటికీ పక్కదే పెద్దమ్మా! సూపర్‌వైజరే చూపించాడు!"

"వాడి మొహం. నేలకి రంగేసినప్పుడు అటూ ఇటూ మార్చుంటారు. ఇది ఆ మూతి ముడుచుకునే పొట్టావిడ మిషను. బుద్ధిగా కొడుతోంది చూడు, ఆవిడలాగే. నాది మూడో దెబ్బకి తడబడేది. నేనొక తన్ను తన్నితే దారిలోకొచ్చేది."

"తడబడిందీ తన్నిందీ ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు మేనేజరు. "పాట ఇలాగే బ్రహ్మాండంగా ఉంది. నేను రేపే..."

పెద్దమ్మ ఆయన పెదవులు చదువుతుండగానే బల్ల అవతల కుర్చీ ఖాళీ అయింది. మా అమ్మాయి మైకు సంచీ భుజాన వేసుకుని, చెంచా కొప్పులో గుచ్చుకుని, మెట్లు దిగుతోంది. ప్రెస్సులు ఇంకా ఇనుముకి పోలేదో, పోయాయో. పోతే ఏ ఇనుప గుట్టలో వెతుకుతుందో. నేను చెప్పులు వెతుక్కునేలోపు గేటు దాటేసింది. దాటుతూ చెంచా తీసి ఒక్కటి కొట్టి, మలుపు తిరిగింది.

"ఏం మనిషండీ!" అన్నాడు మేనేజరు. "వెళ్ళొస్తానని ఒక్క ముక్క చెప్పకుండా పోయింది!"

పెద్దమ్మ అప్పటికే వరండాలోకి వచ్చి కటకటాల మీద అరచెయ్యి ఆన్చి ఉంది. మా వైపు తిరిగి మళ్ళీ సూది అందుకుంది.

"చెప్పిందిగా. ఆలస్యమవుతుందట, మనల్ని అన్నం తినేయమంది."