ఆగుతామన్న మాట

మా అక్క మొగుడు బస్సు కండక్టరు. తెల్లవారుజామున మొదటి బస్సు ఆయనది. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి, ముందు అద్దం తుడుచుకుని, “ఊఁ, పోదామా?” అన్న తర్వాత కూడా బావ ఈల ఊదేవాడు కాదు. బస్సు దిగి వెనక చక్రం దాకా నడిచేవాడు. కొండ వైపు తిరిగి, “ఇంకెవరైనా ఉన్నారా?” అని గట్టిగా ఒక కేక వేసేవాడు. అటువైపు డిపో గోడ తప్ప ఏమీ లేదు. గోడ మీద కాకి కూడా ఆ కేకకు అలవాటుపడి తల తిప్పడం మానేసింది. అయినా బావ, ఎవరో చెప్పులు తొడుక్కుని పరుగెత్తుకు రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నిలబడి, అప్పుడు ఎక్కి ఈల ఊదేవాడు.

“ఏమయ్యా, పెళ్ళికి పిలుస్తున్నావా ఒక్కొక్కరినీ?” అని లోపలివాళ్ళు విసుక్కునేవారు.

“అయిపోయిందమ్మా, అయిపోయింది. జరగండి, కాస్త ముందుకు జరగండి,” అనేవాడు. ఎవరిని పిలిచాడో మాత్రం చెప్పేవాడు కాదు. నాకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, మా అక్కకు తెలుసు.

నేను అదే డిపోలో బస్సు సీట్లు కుట్టేవాణ్ణి. ఊళ్ళో బడి ఎంతవరకు ఉంటే అంతవరకు చదువుకుని, దబ్బనం పట్టుకుని అక్క దగ్గరికి వచ్చేశాను. బావ నన్ను ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టాడు. అది ఒక్కరోజు కూడా నాకు గుర్తుచేయలేదు. ఆయన మంచితనం అలా ఉండేది, ఉన్నట్టు తెలిసేది కాదు. బస్సులో నిద్రపోయినవాళ్ళను దిగే చోటు వచ్చిందని లేపాలంటే భుజం తట్టేవాడు కాదు. సీటు కడ్డీ మీద వేలితో మెల్లగా కొట్టేవాడు. “అలిసిపోయి పడుకున్న మనిషిని ముట్టుకుని లేపితే ఉలిక్కిపడతాడురా. కడ్డీ అయితే దేవుడు లేపినట్టు ఉంటుంది,” అనేవాడు.

ఆ కేక మొదలు కాకముందు ఆ బస్సు కొండ మీది పై ఊరిదాకా వెళ్ళేది. పై ఊళ్ళో గొడుగులు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. ఒంటరి మనిషి. అందరూ తాళం మామ అనేవారు. గొడుగుల మూట ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేవాడు. బండి కదలబోయే సమయానికి “అయ్యో, తాళం వేశానా?” అని లేచేవాడు. దిగి, ఇంటిదాకా వెళ్ళి, తాళం లాగి చూసుకుని వచ్చేవాడు. ప్రతి ఉదయం ఇదే వరస.

“నీ ఇంట్లో ఏముందని మామా, విరిగిన గొడుగులేగా? దొంగ వస్తే వాడే జాలిపడి ఒక మంచి గొడుగు పెట్టి పోతాడు!” అని ముందు సీటు ముసలమ్మ నవ్వించేది.

“నవ్వండమ్మా నవ్వండి. తాళం వేసినోడికే తెలుస్తుంది తాళం బెంగ,” అనేవాడాయన.

బావ ఒక్కనాడూ కసురుకోలేదు. “వెళ్ళి రా మామా, ఆగుతాం,” అనేవాడు. బస్సు ఆగేది. ఎంత ఆలస్యమైనా ఆ కాసేపు ఎవరూ నిజంగా కోప్పడేవారు కాదు. లోకంలో ఒంటరివాడి కోసం అంతమంది కలిసి ఆగే చోటు ఇంకెక్కడుంటుంది?

ఒక ఏడాది వానలు విడవకుండా పట్టాయి. పై ఊళ్ళో గోడలు బీటలిచ్చాయి, తలుపులు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. కొండ జారుతోందని, అందరినీ కిందికి దించమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. బావ, డ్రైవరు పొద్దుటి నుంచి తిరుగుతూ జనాన్ని దించారు. ఆఖరి ట్రిప్పులో పిల్లలూ ముసలివాళ్ళూ మూటలూ కోళ్ళూ అన్నీ కలిసి కిక్కిరిసిపోయాయి. తాళం మామ తన వెనక సీట్లో కూర్చున్నాడు. బండి కదలబోతుంటే లేచాడు.

“బాబూ, తాళం...”

“కూలిపోయే కొంపకి తాళమేంటయ్యా!” అని ఎవరో అన్నారు. అంత భయంలోనూ బస్సంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు.

“పరుగున రా మామా. ఆగుతాం,” అన్నాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి కొండ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. బానెట్ మీద రాళ్ళు పడ్డాయి. పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆడవాళ్ళు “పోనివ్వండి, పోనివ్వండి” అని కడ్డీలు పట్టుకుని అరిచారు. డ్రైవరు అద్దంలోంచి బావ ముఖం చూశాడు. బావ మామ వెళ్ళిన సందు వైపు ఒకసారి చూసి ఈల ఊదాడు. బస్సు మొదటి మలుపు తిరిగిందో లేదో, వెనక ఉన్న రోడ్డు లోయలోకి వెళ్ళిపోయింది.

ఆ ఈల ఊదకపోతే బస్సులో ఒక్క ప్రాణం మిగిలేది కాదు. అది అందరూ ఒప్పుకున్న మాట. రోడ్డు తెగిన చోటు నుంచి మైకు పెట్టి రెండు రోజులు పిలిచారు. అవతలి నుంచి పలుకు రాలేదు. తాళం మామ పోయాడని రాసేసుకున్నారు. డిపోలో సభ పెట్టి బావకు పతకం ఇచ్చి చప్పట్లు కొట్టారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లులు ఆయన చేతులు కళ్ళకద్దుకున్నారు. బావ కుక్కిన పేనులా కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అక్కతో ఒక్కటే అన్నాడు. “ఆ మనిషి కోసం ఒక్కరైనా వచ్చి అడిగితే బాగుండేదే. అడిగేవాళ్ళు లేకపోతే, తిట్టేవాళ్ళయినా.”

ఆ తర్వాత బస్సు తెగిన రోడ్డు దాకానే పోయేది. అక్కడ అడ్డుగా ఇనుప డ్రమ్ములు పెట్టారు. తిరుగు ప్రయాణంలో మొదటి మలుపు దగ్గర బావ వెనక కిటికీ అద్దంలోంచి చూసేవాడు. సరిగ్గా అక్కడే డ్రైవరు కూడా తన ముందున్న అద్దంలోకి చూసేవాడు. ఎవరో బస్సు వెనక చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తుతున్నట్టు ఉండేదట. ఇద్దరికీ వినపడేదని ఒకరికొకరు ఏనాడూ చెప్పుకోలేదు. నాకు మాత్రం ఇద్దరూ విడివిడిగా చెప్పారు. వెనక సీటు రెగ్జిన్ చిరిగితే కొత్తది వేయబోయాను. “అతుకు చాలురా. మరీ కొత్తగా చేస్తే తనదో కాదో అనుకుంటాడు,” అన్నాడు బావ. నా చేతిలో దబ్బనం ఆగిపోయింది. దేవుడా, ఈయన మనసుకు శాంతినివ్వమని అక్కడే కళ్ళు మూసుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. బావ రిటైరయ్యే నెలలో కొండను కొలిచే సర్వే మనిషి ఒకాయన బస్సెక్కాడు. మనుషుల్ని, తాళ్ళని, సామాన్లని వెంటపెట్టుకుని లోయ దాటి పై ఊరికి వెళ్ళొచ్చాడట. డ్రైవరు పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

“మనుషుల్లేరు, ఇళ్ళ మీద తీగలు పాకేశాయి. బస్సు షెల్టరు ఒక్కటే నిలబడి ఉంది. విచిత్రమేంటంటే, దాని లోపల బెంచీ మీద దుమ్ము లేదు. ఆకు కూడా లేదు.”

టిక్కెట్టు చింపుతున్న బావ చెయ్యి ఆగింది.

“గాలికి కొట్టుకుపోయి ఉంటుంది,” అన్నాడు డ్రైవరు.

“గాలి ఊడుస్తుందన్నా, తుడవదు,” అన్నాడు బావ.

“ఏమో మరి. ఈ వానలకి ఆ షెల్టరు ఉన్న గట్టు కూడా ఉండదు. మేం ఇక వెళ్ళం,” అని సర్వే మనిషి దిగిపోయాడు.

ఆ రోజు ఇంట్లో అక్క నవ్వేసింది. “అంత నడిచి పోయిన సర్వే మనిషి కూర్చోకుండా ఉంటాడా? ఆయన ప్యాంటే తుడిచి ఉంటుంది ఆ బెంచీని!”

“అడిగానే. దిగేటప్పుడు అడిగా. కూర్చోలేదంట. కాళ్ళు పీకుతున్నా ఎందుకో కూర్చోబుద్ధి కాలేదంట.”

అక్క నవ్వు ఆగిపోయింది.

“వెళ్తా,” అన్నాడు బావ.

“ఎక్కడికి? మోకాళ్ళు మడవడానికే ‘దేవుడా’ అంటావు, లోయ దాటుతావా? వాన ఇవాళో రేపో అన్నట్టుంది. ఉన్నాడో లేడో తెలియనోడి కోసం ఉన్నదాన్ని వదిలేసి పోతావా?”

“ఉంటే, బస్సు వస్తుందని బెంచీ తుడుచుకుంటున్నాడే. లేకపోతే, లేడని చూసొస్తా. ఏదో ఒకటి తెలియాలి నాకు.”

అక్క గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. ఎన్ని తిట్లు తిట్టిందో! బావ ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా, కడిగిన గిన్నెలు అందుకుని ఒక్కొక్కటే తుడిచి బోర్లించాడు. పట్టిన పట్టు విడిచే రకం కాదని ఆమెకు తెలుసు.

నేనూ వస్తానన్నాను. బావ నా తల మీద చెయ్యి వేశాడు. “వద్దురా. ఇద్దరం వెళ్తే దారిలో ఎవడో ఒకడు రెండోవాణ్ణి వదలాల్సి వస్తుంది. ఒక్కణ్ణే వెళ్తే ఆ పాపం ఎవరికీ అంటదు.”

ఉద్యోగం ముగిసిన మర్నాడే బయల్దేరాడు. తాడు, చేతికర్ర, టార్చి, వానకోటు. అక్క పొద్దున్నే లేచి తిండి మూట కట్టింది. ఎత్తి చూస్తే బరువుగా ఉంది. “ఇంత ఎందుకే?” అన్నాడు బావ. “ఆ మనిషికి మాత్రం ఆకలెయ్యదా?” అంది అటు తిరిగి. ఇద్దరికి సరిపడా కట్టింది మా అక్క. అంతకు మించిన ప్రార్థన నేను ఇంతవరకు వినలేదు.

ఇది చదివేవారిని అయోమయంలో ఉంచడం న్యాయం కాదు గనుక తర్వాతి సంగతి ఇక్కడే చెబుతాను. ఆ రాత్రి దాటకుండానే వాన మొదలైంది. తెరిపి ఇచ్చాక వెతకడానికి వెళ్ళినవాళ్ళకు, ఇవతలి గట్టు మీద చెట్టుకు బావ తాడు కనబడింది. రెండో కొస అవతలి బండకు బిగించి కట్టి ఉంది. అంటే లోయ దాటాడు. అంతవరకే మాకు తెలుసు. షెల్టరు ఉన్న గట్టు వానకు జారిపోయింది. అది ఆయన చేరకముందో, చేరాకో, ఆ మనిషిని వెంటబెట్టుకుని ఇంకో దారి పట్టాకో, దేవుడికే తెలియాలి. అక్క “పోయాడు” అనే మాట నోట రానివ్వదు. డ్రైవరు భార్య రోజూ సాయంత్రం ఏదో వంకతో వచ్చి, కూర్చుని, అక్క తిన్నాకే వెళుతుంది.

డ్రైవరు ఇప్పటికీ ఆ బస్సే నడుపుతున్నాడు. డ్రమ్ముల దగ్గర వేళకు ఆపుతాడు, వేళకు తీసేస్తాడు. ఒక్క నిమిషం ఎక్కువ ఆగడు. ప్రాణమిచ్చే స్నేహితుడు పోయిన దారి కదా, కొండ వైపు చూస్తూ కాసేపు నిలబడకూడదా, ఎంత రాతిగుండె అని బస్సులోవాళ్ళు చెవులు కొరుక్కుంటారు. ఆయన వింటాడు, పలకడు. స్టీరింగు మీద ఆయన వేళ్ళు ఎలా తెల్లబడతాయో వెనక కూర్చున్నవాళ్ళకు కనబడదు. అందుకే బావ బయల్దేరిన ఉదయం, సాగనంపడానికి డ్రమ్ముల దాకా వెళ్ళి నేను నా చెవులతో విన్నది రాస్తున్నాను.

బావ ఆ రోజు ప్రయాణికుడిలా టిక్కెట్టు తీసుకుని, వెనక సీట్లో అతుకు పక్కన కూర్చుని వచ్చాడు. దిగాక తిన్నగా డ్రైవరు కిటికీ కిందికి వచ్చాడు. పైన మబ్బు కమ్ముకుంటోంది. డ్రైవరు తల బయటికి పెట్టాడు. ఎంత కాలం నుంచో మింగుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

“ఒరే, ఆ పాపం నీ ఒక్కడిదే అనుకుంటున్నావా? ఈల నీది. ఆక్సిలేటరు మీద కాలు నాది.”

“తెలుసన్నా. అద్దంలో చూస్తావుగా మలుపు దగ్గర.”

“చూశావా నన్ను?”

“ఎందుకు చూడను? నీ అద్దంలో నేనూ కనబడతానుగా.”

డ్రైవరు కళ్ళు తుడుచుకుని గొంతు పెంచాడు. “సరే విను. సాయంత్రం ట్రిప్పుకి వస్తా. నువ్వు కనబడేదాకా ఇక్కడే ఉంటా. జనం తిట్టనీ, డిపోవాళ్ళు మెమో ఇవ్వనీ, బండి కదిలితే ఒట్టు. రేపైనా సరే, ఎల్లుండైనా సరే, నీ కోసం...”

బావ చెయ్యి పైకెత్తి ఆ మాటను అక్కడే ఆపాడు. నా జీవితంలో ఆయన ఎవరి మాటకూ అడ్డు వచ్చింది ఆ ఒక్కసారే.

“అన్నా, నాకొక్క సాయం చేసిపెట్టు.”

“చెప్పరా.”

“ఆ మాట అనకు. వేళకి రా. నేనుంటే ఎక్కుతా. లేకపోతే బండి తీసెయ్యి. హారను కొట్టొద్దు, అద్దంలో చూడొద్దు. ‘ఆగుతా’ అని నువ్వు అన్నావంటే, అక్కడ నా కాలు జారినప్పుడు నాకు నువ్వే గుర్తొస్తావు. నేను రాకపోతే ఆ మాట నిన్ను పడుకోనివ్వదు. అదెలా ఉంటుందో నాకు తెలుసు. నీకు వద్దు.”

డ్రైవరు తల ఊపాడు.

“తల ఊపితే కుదరదన్నా,” అన్నాడు బావ. “ఆగనని నోటితో చెప్పు.”